ఎర్ర పీపాకి అటు పక్క

షికారు పడవ 'పెటునియా' పగడపు దిబ్బ మీదికెక్కి వారం తిరిగింది. ఆ రోజు నుంచి కారియాకూ దీవిలో రెండు కథలు నడుస్తున్నాయి. రమ్ము దుకాణం కథ ప్రకారం అయాంతి తమ్ముడు ఆర్టన్ పీకలదాకా తాగి చుక్కాని పట్టుకున్నాడు. కెప్టెన్ తోమో రేవు ఆఫీసులో చెప్పిన కథ ప్రకారం ఆర్టన్ చుక్క కూడా ముట్టలేదు గానీ, చుక్కాని దగ్గర ఉన్నది మాత్రం అతనే. వాన గాలి ఒక్కసారిగా విరుచుకుపడి పడవను పక్కకి నెట్టేసింది. ఏ కథ విన్నా వేలు చూపించేది ఆర్టన్ వైపే. పడవలో వంటచేసే డోరిల్ ఆ కుదుపుకి మెట్ల మీంచి పడి, నడుం విరిగి, గ్రెనడా ఆస్పత్రిలో ఉంది. ఆమె మళ్లీ నడుస్తుందో లేదో డాక్టర్లు తేల్చడం లేదు. ఆర్టన్ గోడకేసి తిరిగి పడుకున్నాడు. అన్నం తినడు, మాట్లాడడు.

ఈ మధ్యాహ్నమే విచారణ. ఆర్టన్ కెప్టెన్ సర్టిఫికెట్ ఉంటుందో ఊడుతుందో అక్కడ తేలిపోతుంది. సముద్రం తప్ప వేరే కూడు లేని ఊళ్లో సర్టిఫికెట్ పోయిన కెప్టెన్ని పలకరించేవాడు కూడా ఉండడు.

కానీ అయాంతి మెక్‌లారెన్‌కి ఒక నమ్మకం ఉంది. ఆ సమయంలో తన తమ్ముడు చుక్కాని దగ్గర లేడు. ఉంటే ఒప్పుకునేవాడు. వాడు నోరు కుట్టుకు కూర్చుంది తన పై కెప్టెన్ తోమోని కాపాడటానికే. నిన్న సాయంత్రం పెటునియాని ఒడ్డుకెక్కించిన మరమ్మతు యార్డులో ఆ నమ్మకానికి రుజువు కూడా దొరికింది. అందుకే పొద్దున్నే రేవు అధికారి కాంప్టన్ గారి గుమ్మంలో నిలబడింది. "విచారణ మొదలుపెట్టకముందు ఒక్కసారి వచ్చి ఆ పడవ అడుగు మీ కళ్లతో చూడండి బాబాయ్" అని పట్టుబట్టింది. టీ తాగి వస్తానన్నాడాయన.

యార్డు గేటు దాటుతుండగానే లోహం అరగదీసే గ్రైండరు రొద వినిపించింది. అయాంతి అడుగు వేగం పెంచింది.

మేస్త్రి ఫిట్జ్ గేటు పక్కన నీడలో కూర్చుని, వేయించిన రొట్టెలో ఉప్పుచేప కుక్కుకుని నములుతున్నాడు.

"ఎవరు ఫిట్జ్ అది? పెటునియా మీద ఎవరూ చెయ్యెయ్యొద్దని కాంప్టన్ గారు చెప్పారు కదా?"

"చెప్పారు. నేనూ చెప్పాను. ఆ తెల్లాయన వింటేగా! నా పడవ, నా ఇష్టం అన్నాడు. అడ్డం పడితే ఆ మిషను నా కాలి మీద పెట్టేలా ఉన్నాడు. నాకున్నవే రెండు కాళ్లు తల్లీ, ఒకటి ఇప్పటికే అరిగిపోయింది."

అయాంతి అతని మాట పూర్తిగా వినలేదు. దిమ్మెల మీద నిలబెట్టిన పెటునియా కిందికి దూరింది. పడవ కింద చేప రెక్కలా దిగి ఉండే సీసపు కీల్ పక్కన తోమో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పిండిలో పడి లేచినవాడిలా నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లటి దుమ్ము. చేతిలో గ్రైండరు అరుస్తోంది. ఆమె వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ప్లగ్గు ఊడి ఎగిరొచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. రొద ఆగిపోయింది.

"నిన్ననే చూశాను తోమో. నువ్వు దేన్ని అరగదీస్తున్నావో నేను నిన్ననే చూశాను."

తోమో మెల్లగా ముక్కు మీది గుడ్డ దించాడు. ఐరోపాలోని ఏడ్రియాటిక్ సముద్రంలో, విస్ అనే దీవిలో పుట్టినవాడు. ఇక్కడికి రాకముందు అక్కడ లారీలూ కార్లూ మోసే పెద్ద ఫెర్రీకి కెప్టెన్.

ఈ నీళ్లలో షికారు పడవలు నడిపేవాళ్లలో పుట్టు పడవలవాళ్లు తక్కువ. అఖాతంలో లంగరేసుకున్న జర్మనీ ఆవిడ ఒకప్పుడు పళ్ల డాక్టరు. బెక్వియా దీవి నుంచి వచ్చే పొడుగాయన జలాంతర్గామిలో వంటవాడు. అందుకే రమ్ము దుకాణంలో కొత్తవాణ్ణి ఎవరూ ఏ ఊరని అడగరు, ఇంతకుముందు ఏం చేసేవాడివని అడుగుతారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం కోతలే. అయినా చుక్కాని చేతికిస్తే పాత కొలువు దాగదు. నేవీ నుంచి వచ్చినవాడు తాడు చుడితే ఆ తాడు కూడా నిటారుగా నిలబడి దండం పెడుతుంది. చేపల బోటు నుంచి వచ్చినవాడు మబ్బు వైపు చూడకుండా ముద్ద నోట్లో పెట్టడు. అయాంతి కూడా తక్కువదేం కాదు. ఉల్లిపాయలూ గ్యాస్ సిలిండర్లూ మేకలూ మోసే సరుకు ఓడలో పెరిగిన మనిషి. ఇప్పుడు రెండు పడవలు జతచేసినట్టుండే టూరిస్టుల కాటమరాన్ నడుపుతున్నా, ఎక్కేవాళ్ల బరువు కళ్లతో తూచాకే పేరడుగుతుంది.

"ఇందులో చూడ్డానికేముంది?" అన్నాడు తోమో. "దిబ్బకి గుద్దుకుంది. సొట్ట పడింది. బాగుచేస్తున్నాను."

"సొట్ట ఎక్కడ పడిందో చెప్పు."

అతను గ్రైండరు పక్కన పెట్టాడు.

"నేను చెబుతాను విను. గాలి పక్కకి నెట్టిందని కదూ నువ్వు ఆఫీసులో చెప్పింది? పక్కకి నెడితే కీల్ పక్కలు గీరుకుపోవాలి. ఇదిగో, పక్కల రంగైనా పోలేదు. దెబ్బంతా ముక్కు మీదే ఉంది. తిన్నగా, ఇంజను వేగంతో పోయి గుద్దింది. దారి తప్పి పోలేదు తోమో. ఇదే దారి అనుకుని పోయింది. ఎర్ర పీపాకి అటు పక్క నుంచి పోయింది."

ఎర్ర పీపా అంటే రేవు దారిలో, దిబ్బ అంచున గొలుసుకి కట్టి తేలేసిన గుర్తు. సముద్రం మీంచి రేవులోకి వచ్చేటప్పుడు అది కుడిచేతి వైపు ఉండాలి. కరీబియన్ అంతటా ఇదే పద్ధతి. ఐరోపాలో సరిగ్గా తిరగేసి ఉంటుంది, అక్కడ ఎర్ర పీపా ఎడమచేతి వైపు. రోడ్డుకి ఎడమపక్క బండి నడిపి అలవాటైనవాడు కుడిపక్క నడిపే దేశానికి పోతే మామూలప్పుడు జాగ్రత్తగానే నడుపుతాడు. ఎదురుగా లారీ వచ్చినప్పుడే చెయ్యి పాత పక్కకి లాగుతుంది. సముద్రం మీద కూడా అంతే. పెటునియా ఎర్ర పీపాని ఎడమకి వదిలేసి, నేరుగా దిబ్బ మీదికెక్కింది.

"మా ఊళ్లో పిల్లలు అక్షరాలకన్నా ముందు నేర్చుకునేది ఇది" అంది అయాంతి. "ఇంటికొస్తే ఎర్ర కుడి. ఉయ్యాల్లో ఉన్నప్పుడే చెవిలో పోస్తారు. మా తమ్ముడు తాగి ఉండనీ, నిద్రలో ఉండనీ, చచ్చి దయ్యమై రానీ, ఎర్రని ఎడమకి పెట్టడు. పెట్టేవాడివి నువ్వు. వాన కొట్టేసరికి కంగారుపడ్డావు. నీ చెయ్యి మీ దేశం పోయింది. తర్వాత ఆ తప్పు ఆ వెర్రివాడి నెత్తిన రుద్దావు. వాడు నిన్ను అన్నలా చూశాడు కదయ్యా! నీకు మనసెలా ఒప్పింది?"

తోమో అంటే ఆమెకి మొదటినుంచీ ఇష్టమే. ఆర్టన్‌ని నమ్మి పెటునియాలో రెండో కెప్టెన్‌గా పెట్టుకున్నది అతనే. ఆ ఇష్టమే ఇప్పుడు కారంలా మండుతోంది.

తోమో రంగు డబ్బా మీద చతికిలబడ్డాడు.

"కాంప్టన్‌కి చెప్పావా?"

"చెప్పాను. దారిలో ఉంటారు."

"ఏం చెప్పావు? ఒక్క మాట వదలకుండా చెప్పు."

"నీకు చెప్పిందే. కీల్ తిన్నగా గుద్దుకుందని. ఎర్రని ఎడమకి పెట్టే చెయ్యి ఎవరిదో ఆ చెయ్యే చుక్కాని మీద ఉందని."

తోమో రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావు అయాంతీ! ఎంత పని చేశావు!"

"ఇప్పుడు ఏడ్చి లాభం లేదు."

"నా కోసం ఏడుస్తున్నాననుకుంటున్నావా?" తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము వల్ల కావచ్చు. "ఇది అరగదీస్తున్నది నా కోసం కాదు. ఒక్క సంగతి చెప్పు. ఆర్టన్ దేశం మీద ఉన్నన్నాళ్లూ ఎక్కడ పనిచేశానని చెప్పాడు నీకు?"

"ట్రినిడాడ్‌లో. చమురు బావులకి సరుకు మోసే ఓడల్లో. ఊరంతటికీ తెలుసు."

"వాడు ట్రినిడాడ్ చూసింది విమానం మారేటప్పుడే."

అయాంతి నవ్వింది. ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు. "ఏం కూస్తున్నావు?"

"నా ఫెర్రీ మీద ఉన్నాడు. స్ప్లిట్ రేవు నుంచి విస్‌కి, విస్ నుంచి స్ప్లిట్‌కి, ఎండనక వాననక. లారీలకి గొలుసులు బిగించడానికి వచ్చాడు, పోను పోను నా పక్కన నిలబడి చుక్కాని పట్టాడు. మొదటి చలికాలం రోజూ ఎర్రని కుడికి పెట్టేవాడు. నేను మెడ మీద ఒకటిచ్చేవాణ్ణి. ఎడమ! ఒరే గాడిదా, ఎడమ! అని. రెండో చలికాలానికి కొట్టాల్సిన పని లేకపోయింది. వాడి చేతిలోంచి మీ ఊరిని తీసేసింది నేనే అయాంతీ."

"అబద్ధం. వాడు అలా పోడు. పోలేడు."

పోలేడని ఆమె ఊరికే అనలేదు. వాళ్ల నాన్న సరుకు ఓడలో పనికెళ్లి ఉత్తరాన చలి సముద్రంలో పోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ ఏడు అమ్మ పెద్దల కోసం అన్నమూ మేకమాంసమూ రమ్మూ పళ్లెంలో పెట్టి, ఆ పళ్లెం ముందు ఇద్దరు పిల్లల చేతా ప్రమాణం చేయించింది. ఈ వేడి నీళ్లు దాటి పోమని. ఈ దీవిలో బైబిల్ మీద చేసిన ప్రమాణం తప్పినవాళ్లున్నారు గానీ, పెద్దల పళ్లెం ముందు చేసింది తప్పినవాణ్ణి అయాంతి ఎరగదు.

"సెలవుకి వచ్చినప్పుడల్లా నీకు ఎండిన అంజూరాలు తెచ్చేవాడు కదూ?" అన్నాడు తోమో. "మధ్య మధ్య బిర్యానీ ఆకులు పేర్చి, దారం కట్టి. ఎక్కడివని చెప్పాడు?"

"సిరియా వాళ్ల కొట్లో కొన్నానన్నాడు. ట్రినిడాడ్‌లోనే, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో."

"అవి మా అమ్మ ఎండబెట్టినవి. పురుగు పట్టకుండా ఆ ఆకులు పెడుతుంది. మీ అక్కకి ఇవ్వు అని ఆవిడే కట్టిచ్చేది. నీ పేరు పలకడం రాక అయాంకా అనేది."

ఇలాంటి సంగతులు ఎవరూ అల్లి చెప్పలేరు. పైగా ఇంకోటి గుర్తుకొచ్చింది. పోయిన నెల ఆర్టన్ ఆమె కాటమరాన్‌ని రేవులోకి తెస్తూ, పీపా దగ్గర చుక్కానిని తప్పు పక్కకి తిప్పాడు. ఆమె కెవ్వున అరిచింది. వాడు వెంటనే సరిచేసి, "నిద్రమత్తక్కా" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి, రాత్రిళ్లు ఎక్కడ తిరుగుతున్నావురా అని ఆటపట్టించింది.

"దిబ్బకెక్కిన రోజు..." అంది.

"నేను కిందున్నాను. ఇంజను గదిలోకి నీళ్లొస్తున్నాయని గంట మోగింది. అది నిజం. వాన కురిసిందీ నిజమే. గాలి నెట్టిందన్న ఒక్కటే అబద్ధం. నేను పైకొచ్చేసరికి ఎర్ర పీపా మా ఎడమపక్క నుంచి వెళ్లిపోతోంది. వాడు నా వంక చూశాడు అయాంతీ. సరిగ్గా పెట్టాను కదా కెప్టెన్ అన్నట్టు చూశాడు. నేను నోరు తెరిచేలోపు గుద్దేసింది."

గేటు దగ్గర ఫిట్జ్ ఎవరినో తిడుతూ నవ్వుతున్నాడు.

"గాలి నెట్టిందంటే కొన్నాళ్లు సర్టిఫికెట్ ఆపుతారు, మళ్లీ ఇస్తారు" అన్నాడు తోమో. "తప్పు పక్కన పోయాడంటే మళ్లీ ఇవ్వరు. డోరిల్ లేవకపోతే జైలు కూడా. అందుకే ఆ మాట చెప్పాను. కీల్ సంగతి ఎవరూ చూడరనుకున్నాను. నువ్వు చూశావు."

"ఇప్పుడేమవుతుంది?"

"ఏమవుతుందా? మా ఇద్దరిలో ఎవడి చెయ్యైనా కీల్ మీద మచ్చ ఒకటే. ఆర్టన్ ఎక్కడ పనిచేశాడో కాంప్టన్‌కి తెలియనంతసేపు దోషిని నేను. తెలిస్తే వాడు."

"నువ్వు చెబుతావా?"

తోమో చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "నాకూ విస్‌లో ఒక కూతురుంది. నేను మంచివాణ్ణే అయాంతీ. అంత మంచివాణ్ణో కాదో నాకింకా తెలియదు."

గ్రైండరు వైరు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కీల్ ముక్కు సగమే అరిగింది. మిగతా సగం పళ్లూడిన నోరులా తెరుచుకుని ఆమెనే చూస్తోంది. దిమ్మెల పక్కనే కరెంటు బోర్డు. అరగదీయడానికి ఎంతసేపు పడుతుంది? కాంప్టన్ గారు టీలో రొట్టె ముంచుకుని తీరిగ్గా తినే మనిషి. అయాంతి వంగి ప్లగ్గు తీసుకుంది. తను ఏం చేస్తోందో తనకే నమ్మకం కలగడం లేదు. కాళ్లు మాత్రం బోర్డు వైపు నడిచాయి.

"ఎక్కడిదక్కడ ఉంచండి" అన్న మాట వెనకనుంచి వినిపించింది.

కాంప్టన్ టోపీ చేత్తో పట్టుకుని పడవ కిందికి వంగి వస్తున్నాడు. లావు మనిషి, నడకా మాటా రెండూ నెమ్మదే. ఆమె చేతిలో ప్లగ్గు చూశాడు. తోమో ఒంటి మీద దుమ్ము చూశాడు. కీల్ ముక్కు మీద అరచెయ్యి ఆనించి, పై నుంచి కిందికి తడిమాడు. తర్వాత పక్కలు తడిమాడు.

"నువ్వు చెప్పింది నిజమే. తిన్నగానే గుద్దింది" అన్నాడు. "అరగదీసేది మీరేనా కెప్టెన్ తోమిస్లావ్?"

"నేనే" అన్నాడు తోమో.

"ఇంతకుముందు ఏడ్రియాటిక్‌లో ఫెర్రీ నడిపారు. అంతేగా?"

"అంతే."

ఆయన తల పంకించి, ఆమె వైపు తిరిగాడు. ఆమె పుట్టినప్పటి నుంచీ అమ్మాయ్ అని తప్ప పిలవని మనిషి. "కెప్టెన్ అయాంతీ మెక్‌లారెన్" అన్నాడు. "ఒకరిని అడిగిన ప్రశ్న రెండోవాడి గురించి కూడా అడగకపోతే నాది విచారణ కాదు. ఆర్టన్ నోరు విప్పడం లేదు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. నీ తమ్ముడు ఎప్పుడైనా ఐరోపా నీళ్లలో చుక్కాని పట్టాడా?"

తోమో ఆమె వైపు చూడలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. చూసి ఉంటే ఆమె ఇంకోలా చెప్పేదేమో.

"లేదు బాబాయ్" అంది అయాంతి. "ట్రినిడాడ్‌లోనే చేశాడు."

మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఆమెకే భయం వేసింది. పొద్దున ఈ గేటులోకి వచ్చింది నిర్దోషి నెత్తిన నింద వేసినవాణ్ణి పట్టుకోవడానికి. పట్టుకునేసరికి ఆ పని చేసింది తనే అయింది.

"మంచిది. మధ్యాహ్నం ఇదే మాట బైబిల్ మీద చెయ్యేసి చెప్పాల్సి ఉంటుంది" అన్నాడు కాంప్టన్. టోపీ పెట్టుకున్నాడు. "కెప్టెన్ తోమిస్లావ్, చేతులు కడుక్కుని నాతో రండి."

తోమో లేచాడు. ఒంటి మీది దుమ్ము దులుపుకున్నాడు, తొందరేమీ లేనట్టు. కాంప్టన్ గారు నాలుగడుగులు ముందుకెళ్లాక తోమో ఆమె పక్కన ఆగాడు. గొంతులో కోపం లేదు.

"ఇక్కడ నీకు ఎదురు చెప్పలేదు. నీ పరువు కోసం ఆగాను" అన్నాడు. "మధ్యాహ్నం దాకా ఆగుతాను. ఆ తర్వాత నేనూ అదే బైబిల్ మీద చెయ్యేస్తాను అయాంతీ. నన్ను అడిగితే నిజమే చెబుతాను."

వాళ్లిద్దరూ గేటు దాటి రేవు రోడ్డు మీదికి మళ్లారు. ఫిట్జ్ ఏదో అడిగాడు, ఆమెకి వినబడలేదు. ప్లగ్గు కింద పడేసి ఇంటివైపు పరుగెత్తింది. గోడకేసి తిరిగి పడుకున్న తమ్ముడి నోరు విప్పించాలో, జన్మలో విప్పొద్దని కాళ్లు పట్టుకోవాలో గుమ్మం ఎక్కేదాకా ఆమెకి తేలలేదు.

తలుపు బార్లా తీసి ఉంది. మంచం ఖాళీగా ఉంది.